తలాంతు పుట్టుమచ్చా, పెట్టుబడా?

మే నెల వచ్చిందంటే నరసాపురం నుంచి అమలాపురం దాకా ఏ ఊళ్ళో చర్చి ముందు చూసినా షామియానా కింద పిల్లలే పిల్లలు. వీబీఎస్ అంటారు, సెలవుల బైబిలు బడి. పొద్దున్నే యాక్షన్ పాటలు, కంఠత వాక్యాలు, పదకొండింటికి పులిహోర పొట్లం, ఆఖర్లో ఓ సాయంత్రం గోడ మీద బొమ్మల సినిమా. ఆ సినిమా పేరు ఏదైనా కథ మాత్రం మనకు ముందే తెలిసిపోతుంది. మందలో అందరిలా లేని ఒక చిన్న ప్రాణి ఉంటుంది. కుంటి గొర్రెపిల్ల కావచ్చు, గొంతు బొంగురుపోయిన పిచ్చుక కావచ్చు. అందరూ నవ్వుతారు, అది ఓ మూల కూర్చుని ఏడుస్తుంది. ఎవరో పెద్ద మనసున్న ముసలి ప్రాణి వచ్చి, దేవుడు నిన్ను పొరపాటున చేయలేదమ్మా అని ఊరడిస్తుంది. అంతలో వరదో తుఫానో వస్తుంది. సరిగ్గా ఆ బొంగురు గొంతే ఊరందరినీ నిద్రలేపి కాపాడుతుంది. చప్పట్లు, పాట, ప్రార్థన.

ఈ సినిమాల మీద నాకు కోపం లేదు. క్లాసులో ఎప్పుడూ పేరు పిలవని పిల్లాడు అరగంట సేపు తన కథ తెర మీద చూసుకుంటాడు, అది చిన్న విషయం కాదు. నా తగువంతా ఒక్క దాని మీదే. ఇవి తలాంతును, అంటే దేవుడిచ్చిన నేర్పును, పుట్టుమచ్చలా చూపిస్తాయి. పుట్టుకతో వచ్చింది, చెరగదు, ఏదో ఒకనాడు పనికొస్తుంది, అప్పటిదాకా ఓపిక పట్టు అంటాయి. యేసు చెప్పిన ఏ ఉపమానం నుంచి ఆ మాట మనకు వచ్చిందో ఆ ఉపమానంలో మాత్రం తలాంతు పెట్టుబడి. ఈ తేడా సినిమా తీసిన పరాయి దేశంలో పెద్దగా అడ్డు రాకపోవచ్చు. మన గోదావరి డెల్టాలో వస్తుంది.

ఉపమానం ఇది: ఊరికి పోతూ ఒక యజమాని ముగ్గురు దాసులకు అయిదు, రెండు, ఒకటి చొప్పున తలాంతులు అప్పగిస్తాడు. మొదటి ఇద్దరూ వ్యాపారం చేసి రెట్టింపు చేస్తారు, మూడోవాడు నేలలో పూడ్చిపెడతాడు. ముందు లెక్క చూద్దాం. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో తలాంతు అంటే తూకం, వెండి తూకం. గ్రీకు 'తాలంతోన్' నుంచి వచ్చింది. దాన్ని పుట్టుకతో వచ్చిన నేర్పు అనే అర్థంలో ఇంగ్లీషువాళ్ళు వాడటం మొదలుపెట్టింది కూడా ఈ ఉపమానం వల్లే. 'ఆ పిల్లకు పాడే తలాంతు ఉందండి' అని మన సంఘాల్లో అనేటప్పుడు ఆ మాట వెనక వెండి ముద్ద ఉందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. తూకం కాలాన్ని, దేశాన్ని బట్టి మారేది గానీ పిల్లలకు చెప్పడానికి 30 కిలోలు అనుకుంటే చాలు. అయిదు తలాంతులు 150 కిలోలు, అంటే సరిగ్గా రెండు 75 కిలోల ధాన్యం బస్తాలు. ఒక తలాంతు బస్తాలో సగానికి కూడా రాదు. ఇక్కడిదాకా వింటే పిల్లలు ఒక తలాంతు వాణ్ణి చూసి అయ్యో పాపం అంటారు. అననివ్వండి.

అప్పుడు సుద్దముక్క తీసుకుని రెండో లెక్క వేయండి. ఒక తలాంతు ఆరు వేల దేనారాలు, అంటే రోమా వెండి నాణేలు. అదే సువార్త 20వ అధ్యాయంలో ద్రాక్షతోట యజమాని కూలీలతో మాట్లాడుకున్న బేరం రోజుకు ఒక దేనారం. కాబట్టి ఒక్క తలాంతు 6,000 రోజుల కూలి. ఏడాదికి 300 పనిదినాలు వేసుకుంటే 20 ఏళ్ళ రెక్కల కష్టం. రోజు కూలి 500 రూపాయలు అనుకుంటే ఒక తలాంతు 30 లక్షలు, రెండు 60 లక్షలు, అయిదు కోటిన్నర. సున్నాలు ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోవాలి, తొందర పడకూడదు. అందరికంటే తక్కువ పుచ్చుకున్నవాడి చేతిలో 30 లక్షలు ఉన్నాయని తేలినప్పుడు నాలుగో తరగతి పిల్లలు కూడా నోరు తెరుస్తారు. 'నీకూ ఏదో ఒకటి ఇచ్చాడులే' అనే ఓదార్పు ఈ లెక్కలో ఎక్కడా లేదు.

ఇంకో సంగతి ఉంది, సినిమాలు దాన్ని దాదాపు ఎప్పుడూ పట్టించుకోవు. అయిదింటిని పదిగా చేసినవాడితోనూ రెంటిని నాలుగుగా చేసినవాడితోనూ యజమాని ఒకటే మాట అంటాడు. 21వ వచనం, 23వ వచనం పక్కపక్కన పెట్టి చదివించండి. 'భళా, నమ్మకమైన మంచి దాసుడా' దగ్గర నుంచి చివరిదాకా మెప్పులో ఏ తేడా లేదు. ఫస్టు, సెకండు అని లేవు. మూడోవాడికి పడ్డ చీవాట్లు ఒకటే పుచ్చుకున్నందుకు కాదు, భయపడి పూడ్చిపెట్టినందుకు. వాడు భయపడింది ఎందుకని అడిగితే వాడే చెప్తాడు: నువ్వు కఠినుడివి, విత్తని చోట కోసేవాడివి అని. మన సండే స్కూల్లో ఏ పిల్లయినా తన పనితనం పైకి చూపించకుండా దాచుకుంటోందంటే ముందు చూడాల్సింది పిల్లను కాదు, ఆమె కళ్ళకు టీచరుగారు ఎలా కనిపిస్తున్నారో.

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాం. 'ఒక్కొక్కరికి ఒక్కో తలాంతు ఇచ్చాడు దేవుడు' అన్న వాక్యం వినడానికి తీయగానే ఉంటుంది. కానీ ఈ నేల మీద ఆ వాక్యానికి పాత తోడొకటి ఉంది: ఎవరి పని వాళ్ళది. కులవృత్తికి సాటి లేదని గువ్వలచెన్న శతకం చెప్పిన దేశం మనది. తలాంతును పుట్టుమచ్చగా చూపించి వదిలేస్తే, వలలు అల్లే ఇంటి పిల్లాడికి వల అల్లడమే దేవుడిచ్చిన తలాంతనీ, పొలం పనికి పోయే ఇంటి పిల్లకు ఓపికే తలాంతనీ మనకు మనమే తీర్పు చెప్పేస్తాం. అనే టీచరుకు అందులో చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు, పొగుడుతున్నాననే అనుకుంటుంది. విన్న పిల్లాడు మాత్రం తన చుట్టూ గీత గీశారని తెలుసుకుంటాడు. సువార్తలో చేపలు పట్టే జెబెదయి కొడుకులు దోనెనూ తండ్రినీ విడిచిపెట్టి వెళ్ళిపోయారన్నది మరవకండి. నేర్పు ఇంటి నుంచి మొదలు కావచ్చు, ఇంట్లోనే ఆగాలని లేదు.

దీనికి డెల్టాలో నరసాపురం లేసు కంటే పెద్ద పాఠం లేదు. 1836లో బౌడెను, బీరు దంపతులు ఇంగ్లండు నుంచి వచ్చి గోదావరి డెల్టాలో స్థిరపడ్డాక మొదలైన మిషను కాలంలోనే, 19వ శతాబ్దంలో, మిషనరీల చేతుల మీదుగా లేసు అల్లిక ఇక్కడి ఆడవాళ్ళకు అందింది. ఒక సూది, ఒక దారపు ఉండ. అక్కడి నుంచి తరాల తరబడి వేల మంది ఆడవాళ్ళ వేళ్ళు విదేశాలకు టేబుల్‌ క్లాత్‌లు పంపాయి. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే 1982లో మరియా మీస్ అనే జర్మన్ సమాజశాస్త్రవేత్త ఇదే లేసు మీద రాసిన పుస్తకం ఏం తేల్చిందంటే, రోజంతా అల్లే ఆ ఆడవాళ్ళను ఎవరూ పనివాళ్ళుగా లెక్కించలేదు. గృహిణులు తీరిక వేళల్లో చేసుకునే సరదాగా చూశారు, కూలీ అలాగే ఇచ్చారు. తలాంతును గుర్తించడం వేరు, దానికి విలువ కట్టడం వేరు. పిల్లల సినిమా మొదటి దానితో ఆగిపోతుంది. నిర్గమకాండం 35వ అధ్యాయం ఆగదు: గుడారానికి కావలసిన నూలు చేతులతో వడికిన స్త్రీలను, బంగారంలో రాతిలో కర్రలో పని చేసిన బెసలేలునూ ఒకే ఊపులో చెప్తుంది. బెసలేలుకు, అహోలీయాబుకు ఇతరులకు నేర్పే మనసు కూడా దేవుడు ఇచ్చాడని ప్రత్యేకంగా అంటుంది. పెట్టుబడి పెరిగే దారి అదే, నేర్పడం.

సరే, సినిమా చూపిద్దాం. ఇక్కడ చాలామంది ప్రొజెక్టరు అద్దెకు తెచ్చేసి పని అయిపోయిందనుకుంటారు. పాఠం పాడయ్యేది ఎక్కువగా కరెంటు దగ్గర, చప్పుడు దగ్గర, వెలుతురు దగ్గర.

వెలుతురు సంగతి ముందు. మే నెలలో మన వైపు పొద్దుగూకేసరికి ఆరున్నర, చీకటి ముసిరేసరికి ఏడు. వీబీఎస్ నడిచేదేమో పొద్దున. కిటికీలన్నీ తెరిచి ఉన్న మందిరంలో చిన్న ఎల్ఈడీ ప్రొజెక్టరు పెడితే గోడ మీద పాలిపోయిన మరక తప్ప ఏమీ కనిపించదు. అట్టపెట్టె మీద వేల ల్యూమెన్లు అని రాసి ఉంటుంది, దాన్ని నమ్మకండి. ఆన్సీ ల్యూమెన్లు, అంటే పద్ధతి ప్రకారం కొలిచిన వెలుగు, ఎన్నో అడగండి. రెండు మూడు వందలే అయితే ఆరడుగుల బొమ్మకు కటిక చీకటి కావాల్సిందే. మూడు వేలున్న పెద్ద ప్రొజెక్టరైతే కిటికీలకు గోనెలు కట్టి పగలు కూడా లాగవచ్చు, కానీ ఆ ఉక్కలో పిల్లల్ని మూసిన గదిలో కూర్చోబెట్టడం పాపం. పగలే చూపించాలంటే 43 అంగుళాల టీవీ ఒకటి తెచ్చుకుని, పాతిక మంది చొప్పున జట్లుగా చూపించడం మేలు. ఒక జట్టు సినిమా చూస్తుంటే ఇంకో జట్టు పాటలు నేర్చుకుంటుంది.

రాత్రి ప్రదర్శనకు సున్నం వేసిన గోడను మించిన తెర లేదు. దుప్పటి కడితే సగం వెలుగు వెనక్కి పోతుంది, ఫ్యాను గాలికి గొర్రెపిల్ల మూతి వంకర్లు తిరుగుతుంది. దుప్పటే గతి అయితే రెండు పొరలు వేసి కింద వెదురు కర్ర దోపి బిగించండి. ఎన్నికల ఫ్లెక్సీ వెనక్కి తిప్పి కట్టడం మనవాళ్ళకు ఇష్టమైన ఉపాయం, తెల్లగానే ఉంటుంది గానీ మెరుస్తుంది, నడిమి వరుసకు వెలుగు ముద్ద కడుతుంది, పక్కన కూర్చున్న వాళ్ళకు మసక. మామూలు ప్రొజెక్టరు బొమ్మ వెడల్పుకు ఒకటిన్నర రెట్ల దూరం అడుగుతుంది, అంటే ఆరడుగుల బొమ్మకు తొమ్మిది అడుగులు. ఆ తొమ్మిది అడుగుల్లో పిల్లలుంటారు కాబట్టి లెన్సు వాళ్ళు లేచి నిలబడ్డా తల తగలనంత ఎత్తులో ఉండాలి. చెరువుల పక్క ఊళ్ళలో ఇంకో బాధ, పురుగులు. ప్రొజెక్టరు వెలుగుకు ముసిరి లెన్సు మీద వాలితే గోడ మీద పిచ్చుకంత దోమ కనిపిస్తుంది, పిల్లలు కథ వదిలేసి దాని మీద పడతారు. వాకిట్లో దూరంగా ఒక బల్బు వేసి ఉంచితే సగం అటు పోతాయి.

చప్పుడు. ప్రొజెక్టరులో ఉండే బుల్లి స్పీకరు ముందు వరుస దాటదు. మందిరంలో ఉన్న ఆంప్లిఫయరుకు వైరుతో కలపండి. బ్లూటూత్‌తో కలిపితే మాట బొమ్మ కంటే వెనకబడుతుంది. పెదవులు ఆగాక మాట వినపడితే చిన్నపిల్లలు నవ్వడం మొదలుపెడతారు, ఏడుపు సీనులో కూడా. స్లాబు వేసిన ఖాళీ హాల్లో ప్రతి మాటా రెండుసార్లు మోగుతుంది. కింద పట్టాలు, గోనెలు పరిచి, స్పీకరు పెట్టెలను పై నుంచి దించి కూర్చున్న పిల్లల చెవి ఎత్తులో పెట్టి, బేసు బాగా తగ్గిస్తే మాట తేట పడుతుంది. ప్రసంగాలకు పెట్టే సౌండు పిల్లల సినిమాకు పెట్టకండి.

కరెంటు పోతుందనే అనుకోండి. మే నెల సాయంత్రం ఈదురుగాలి లేచిందంటే ముందు పోయేది అదే. 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉన్న మామూలు ఇన్వర్టరు మీద సినిమా సరంజామా అంతా కలిపి 250 వాట్లు లాగినా మూడు గంటలు వస్తుంది, ఫ్యాన్లు కూడా దాని మీదే ఉంటే రాదు. బల్బు ఉండే పాత రకం ప్రొజెక్టరును మాత్రం తప్పకుండా ఇన్వర్టరు మీదే పెట్టాలి. కరెంటు ఠక్కున పోతే లోపలి ఫ్యాను ఆగి బల్బు వేడిగా ఉండిపోతుంది, వెంటనే మళ్ళీ వేస్తే బల్బు పాడవుతుంది. అద్దె ప్రొజెక్టరైతే ఆ ఖర్చు మీ నెత్తినే.

ఇక ఫైలు. సినిమాను నేరుగా ఫోను నెట్టు మీద నడిపించవద్దు. సాయంత్రం ఏడింటికి ఊరందరూ నెట్టు మీదే ఉంటారు, చక్రం తిరుగుతూ ఉంటుంది. అది చాలదన్నట్టు పిచ్చుక ప్రార్థన చేసుకుంటూండగా బెట్టింగు ఆట ప్రకటన వచ్చి పడుతుంది. పెన్‌డ్రైవులో పెట్టుకోండి. పాత టీవీలకు ఫ్యాట్ 32 పద్ధతిలో ఫార్మాటు చేసిన పెన్‌డ్రైవే నచ్చుతుంది, అందులో నాలుగు జీబీలు దాటిన ఫైలు ఎక్కదు. కొన్ని ఫైళ్ళకు బొమ్మ వస్తుంది, శబ్దం రాదు. శబ్దం టీవీకి తెలియని పద్ధతిలో ఉండటమే కారణం, శబ్దం ఏఏసీ పద్ధతిలో ఉండేలా ఎంపీ4గా మార్చుకుంటే సరిపోతుంది. ఇవన్నీ ముందు రోజు సాయంత్రం అదే టీవీ మీద, అదే వైరుతో చూసుకోవాలి, ఇంట్లో లాప్‌టాపు మీద కాదు. ఒక మాట: ఇంటి కోసం కొన్న డిస్కును ఊరందరికీ చూపించే హక్కు దానితో రాదు. పిల్లల సినిమాలు తీసే క్రైస్తవ సంస్థల్లో అడిగితే సంఘాలకు అనుమతి ఇచ్చేవి ఉన్నాయి. నిజాయితీ గురించి పాఠం చెప్పే చోట దొంగ కాపీ ఆడించడం బాగుండదు.

తెలుగు డబ్బింగు గురించి కొంచెం కటువుగానే అంటాను. పిచ్చుక నోట 'నేను అయోగ్యురాలనైతిని' అనిపించేవాళ్ళకు మన పిల్లలు ఎలా మాట్లాడతారో తెలియదు. బైబిలు భాష కంఠత వాక్యానికి అందం, పిచ్చుకకు కాదు. దీనికి మందు మన దగ్గరే ఉంది. కాకినాడ పక్కన మాధవపట్నంలో తోలుబొమ్మలాట ఆడేవాళ్ళు ఉన్నారు. ఆ ఆటలో రామాయణం నడుస్తూ నడుస్తూ ఉండగా కేతిగాడు, బంగారక్క దూరిపోయి ఊరి మాటల్లో ఊరి సంగతులు మాట్లాడతారు, తర్వాత కథ మళ్ళీ తన దారిన పోతుంది. సినిమా దగ్గర కేతిగాడు మీరే. రిమోటు చేతిలో పెట్టుకుని, ఆపి, గోదావరి యాసలో నాలుగు మాటలు చెప్పి మళ్ళీ నడిపించండి. అరగంట సినిమాకు మూడుసార్లు ఆపితే సరిపోతుంది. అంతకు మించితే పిల్లలు విసుక్కుంటారు, వాళ్ళ తప్పు లేదు.

మొదటిసారి అందరూ నవ్వే చోట ఆపండి, ముసలి ప్రాణి వచ్చి ఓదార్చక ముందే. 'ఆ పిచ్చుకకు ఎలా అనిపించింది' అని అడగవద్దు, 'బాధ అండీ' అని అందరూ కోరస్ పాడతారు. ఎవరు ముందు నవ్వారు, ఎవరు వాళ్ళను చూసి నవ్వారు, ఎవరు నవ్వకుండా ఊరుకున్నారు అని అడగండి. ఊరుకున్నవాళ్ళ దగ్గర పిల్లలు కాసేపు ఆగుతారు.

రెండోసారి ఆపాల్సింది వరద రాబోయే ముందు. ఇదే అసలు చోటు. 'వరద రాకపోతే?' అని అడగండి. వరద రాకపోతే ఆ బొంగురు గొంతు దేనికీ పనికిరానిదేనా? సినిమాకు ఈ ప్రశ్నకు జవాబు లేదు. పనికొచ్చిన రోజునే విలువ దొరుకుతుందని దాని కథే చెప్పేస్తోంది. ఎనిమిదేళ్ళ పిల్లలు కూడా ఈ ప్రశ్న దగ్గర తలగోక్కుంటారు, తలగోక్కోనివ్వండి, జవాబు మీరు చెప్పేయకండి. పైగా మన పిల్లలకు వరద సినిమా ముచ్చట కాదు. గోదావరి లంకల్లో జూలై, ఆగస్టు నెలలు ఎలా ఉంటాయో వాళ్ళకు తెలుసు. 1986 ఆగస్టు వరద గురించి తాతయ్యల దగ్గర విన్నవాళ్ళుంటారు. వరదలో ఎవరెవరు ఏం చేస్తారని అడిగితే వాళ్ళే చెప్తారు: గట్టు మీద గండి పడబోతోందని బుడగలు చూసి చెప్పేవాడు, నాటు పడవ నడిపేవాడు, గేదెల పలుపులు కోసి వదిలేవాడు, గుడిలోనో చర్చిలోనో అన్నం వండేవాళ్ళు, ఏ ఇంట్లో ముసలివాళ్ళున్నారో పేర్లు రాసుకునేవాళ్ళు. ఒక్క పిచ్చుకే ఊరిని కాపాడిన వరద గోదావరి చరిత్రలో లేదు. సినిమా ఒక్కణ్ణే నాయకుణ్ణి చేస్తే, పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయంలో కన్ను చేతితో నువ్వు అక్కర్లేదు అనజాలదని చెప్పింది ఈ సంగతే.

మూడోసారి సినిమా అయ్యాక. 'రేపు పొద్దున పిచ్చుక ఏం చేస్తుంది?' అంతే అడగండి. కొందరు పడుకుంటుంది అంటారు. ఎవరో ఒకరు పాట నేర్చుకుంటుంది అనో, పిల్ల పిచ్చుకలకు నేర్పుతుంది అనో అంటారు. పెట్టుబడి అన్న మాట మీరు వాడకుండానే అక్కడికి వచ్చేశారు.

మర్నాడు చేసే పని సినిమా కంటే ముఖ్యం. మామూలుగా మర్నాడు ఏం చేస్తామంటే 'నీకు ఏ తలాంతు ఉందో చెప్పు' అని వరుసగా అడుగుతాం. పాడటం, డ్యాన్సు, బొమ్మలు గీయడం, ఈ మూడే వస్తాయి. వేదిక మీద కనిపించేవి ఆ మూడే కాబట్టి. ఏమీ తోచని పిల్లలు పక్కవాడి జవాబు అప్పు తెచ్చుకుంటారు. ప్రశ్న మార్చండి: ఇంట్లో నిన్ను ఏ పనికి పిలుస్తారు? భీమవరం పక్క రొయ్యల చెరువుల ఇళ్ళ పిల్లలు కౌంటు చెప్తారు. కిలోకు వంద తూగితే వంద కౌంటు, ఒక్కో రొయ్య పది గ్రాములు. యాభై కౌంటు అంటే ఇరవై గ్రాములు. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దదవుతుందన్నది లెక్కల మాస్టారి తలకిందుల నిష్పత్తే. నాన్నమ్మకు ఫోన్లో నంబరు వెతికిపెట్టే పిల్ల, దూడ ఎందుకు పాలు తాగడం లేదో కనిపెట్టే పిల్లాడు, అందరూ అప్పుడే బయటికి వస్తారు.

తర్వాత మూడు చాపలు వేయండి. ముప్పై మంది పిల్లలుంటే చాపకు పది మంది, ఇద్దరేసి పెద్దవాళ్ళు, నలభై నిమిషాలు. ఒక చాప చేతులది: లేసు సూది, దారం, గొలుసు అల్లడం. రెండోది లెక్కది: చిన్న తక్కెడ, గింజలు, రాళ్ళు, తూచి కౌంటు కట్టడం. మూడోది వినడం: ఒక పెద్దావిడ వచ్చి తన చిన్ననాటి సంగతి చెప్తుంది, పిల్ల దాన్ని తనకంటే చిన్న పిల్లకు మళ్ళీ చెప్పాలి. నియమం ఒక్కటే, కానీ వదలకూడదు: తొలి రోజు ఎవరూ తమ ఇంటి పని ఉన్న చాప మీద కూర్చోకూడదు. లేసు అల్లే ఇంటి పిల్ల తక్కెడ దగ్గరికి, చెరువు గట్టు పిల్లాడు లేసు దగ్గరికి. మగపిల్లలు సూది పట్టుకోమంటే ముందు సిగ్గుపడి నవ్వుతారు, వల అల్లేది కూడా సూదితోనే కదరా అంటే సర్దుకుంటారు. మూడు రోజుల్లో మూడు చాపలు తిరిగాక, నాలుగో రోజు తనకు వచ్చినదాన్ని ఇంకొకరికి నేర్పడం.

ఇందులో చెడేవి మూడు నాలుగున్నాయి. ఏడేళ్ళలోపు పిల్లలకు సన్న దారం చేతకాదు, ముళ్ళు పడి ఏడుస్తారు, వాళ్ళకు లావు ఊలు, వేళ్ళతోనే గొలుసు. పెద్దపిల్లలు చిన్నవాళ్ళ పని లాక్కుని చేసిపెడతారు. ఎగ్జిబిషన్‌లో అందంగా ఉండాలని టీచర్లే రాత్రి కూర్చుని పూర్తి చేస్తారు. పిల్ల మర్నాడు వచ్చి చూసుకుని అది తనది కాదని ఇట్టే పోల్చుకుంటుంది. అన్నిటికంటే చెడ్డది ఇంకోటి ఉంది. 'సేవ చేసే తలాంతు' అన్న పేరుతో చాపలు ఎత్తడం, ప్లేట్లు కడగడం ఎప్పుడూ అవే ఇళ్ళ ఆడపిల్లలకు, మైకు ఎప్పుడూ సంఘ పెద్దల పిల్లలకు. ఊడవడం కూడా ఒక నేర్పే అయితే పాస్టరుగారి అబ్బాయికీ నేర్పండి.

పది రూపాయలిచ్చి పదిహేను చేసుకురమ్మనే ఆట కొన్నిచోట్ల ఆడిస్తారు. ఉపమానానికి దగ్గరే గానీ పిల్లల దగ్గర పారదు. కలిగిన ఇంటివాడు నాన్న జేబులోంచి యాభై తెచ్చి గెలుస్తాడు, లేనివాడు పదీ పోగొట్టుకుని నాలుగు రోజులు ముఖం చాటేస్తాడు. మూడో దాసుడి భయాన్ని మనమే తయారుచేసి పంపినట్టు.

బహుమతుల సంగతి. ఫస్టు, సెకండు, థర్డు స్టీలు డబ్బాలు ఇస్తే ఆ రెండు వచనాలు చదివించింది వృథా. డబ్బాలు కొనే డబ్బుతో అందరికీ ఒకే పెన్సిలు, దానితో ఒక చీటీ ఇవ్వండి. చీటీలో 'నువ్వు చాలా స్పెషల్' అని రాయకండి. పొగడ్త పిల్లాడి మీద పడాలా పని మీద పడాలా అన్నది 1998లో ముల్లర్, డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు బడిపిల్లల మీద పరీక్షించి చూశారు. తెలివైనవాడివని పొగిడించుకున్న పిల్లలు తర్వాత కష్టమైన చిక్కు ప్రశ్న జోలికి పోవడానికి వెనకాడారు, బాగా కష్టపడ్డావని అనిపించుకున్నవాళ్ళు ముందుకొచ్చారు. కాబట్టి చీటీలో కంటితో చూసిన ఒక్క పని రాయండి: 'చిక్కుపడ్డ దారాన్ని తెంచకుండా విప్పావు.' 'తక్కెడ మొగ్గుతోందని నువ్వే ముందు చెప్పావు.' ముప్పై మందికి అలా రాయాలంటే టీచర్లు నాలుగు రోజులూ జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని కళ్ళు తెరుచుకుని తిరగాలి. ఆఖరి రోజు రాత్రి కూర్చుంటే రావు.

మన వీబీఎస్‌లకు అన్ని ఇళ్ళ పిల్లలూ వస్తారు, ఆ తల్లిదండ్రులు నమ్మి పంపుతారు. ఏ సినిమా చూపిస్తున్నారో, అందులో ప్రార్థన ఉందో లేదో ముందే చెప్పండి. వద్దన్నవాళ్ళ పిల్లలు ఆ అరగంట తక్కెడ చాప దగ్గర ఉండవచ్చు. వాళ్ళ ఎదుట మొహం మాడ్చుకోకూడదు, అంతే.

ముగింపు రోజు కార్యక్రమానికి దాళ్వా, అంటే రెండో పంట, నీళ్ళ పద్ధతి పెట్టండి. కాలువ మొదట్లో పొలాలున్నవాళ్ళు అడక్కుండానే నీళ్ళు తోడుకుంటారు, శివారు ఆయకట్టుకు వంతులవారీగా వదిలితే తప్ప అందవు. మైకు కూడా అలాంటిదే. ఈ నాలుగు రోజుల్లో మైకు దగ్గరికి రాని పిల్లల పేర్లు చిన్న పుస్తకంలోంచి తీసి, వంతుల కాగితం అక్కడి నుంచి మొదలుపెట్టండి. పాట పాడనక్కర్లేదు, తను ఎవరికి ఏం నేర్పిందో రెండు మాటలు చెప్తే చాలు. ఆ కాగితం ముందు రోజే మైకు చూసే కుర్రాడికి ఇచ్చి, స్టాండును మొదటి పేరు గల పిల్ల ఎత్తుకు దించి ఉంచమనండి. అందరి ఎదుటా కిర్రుమనిపిస్తూ దించితే ఆ అరనిమిషంలోనే పిల్ల బిగుసుకుపోతుంది.